ఒక వార్పు, మూడు చీరలు

“పోలీసా?” అన్నాడు నల్లప్ప.

“కాదు,” అంది వసుంధర. “కస్టమ్స్‌లో ఇరవై రెండేళ్లు పనిచేసి మానేశాను. ఇప్పుడు అడిగినవాళ్ల తరఫున వెతికిపెడతాను. ఈమె తన భర్తను వెతకమంది.”

“అంటే దుడ్లు తీసుకోని వెతుకుతారు.”

“అవును.”

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ వెనక సందులో నల్లప్ప గోడౌన్. ధర్మవరం నుంచి వచ్చే చీరల పెట్టెలకు టేపు చుట్టి, పెనుకొండ దగ్గరి కంటైనర్ డిపోకు చేర్చడం అతని పని. మార్చి 24, మంగళవారం, ఉదయం 9.20. ముంగిట్లో నీలం టార్పాలిన్ కప్పిన ట్రాలీ ఆటో నిలిపి ఉంది. నల్లప్ప కుర్చీలోంచి లేవలేదు. వసుంధర పక్కనున్న చౌడేశ్వరికి మాత్రం స్టూలు చూపించాడు. ఆమె కూర్చోలేదు.

చౌడేశ్వరి భర్త హరికృష్ణ ధర్మవరంలో ముప్పై ఎనిమిది మగ్గాల చేనేత సంఘానికి కార్యదర్శి. ఈ నెల మొదట్లో ఆ సంఘం సింగపూర్ వ్యాపారికి 342 పట్టుచీరలు పంపింది. పెట్టెలు పంతొమ్మిది, పెట్టెకు పద్దెనిమిది చీరలు. రాగి జరీ చీరలని బిల్లులో రాశారు. ఒక్కోటి ఏడు వేలు. మార్చి 5న డిపోలో కస్టమ్స్ వాళ్లు మూడు చీరలు తీసి పరీక్ష చేయించారు. మూడింటిలోనూ వెండి జరీ తేలింది. వాటి ధర ఒక్కోటి నలభై వేల పైమాట. విలువ తగ్గించి రాసి, మిగతా సొమ్ము బయటి దేశంలో ఉంచుకుంటున్నారన్న అనుమానంతో సరుకంతా స్వాధీనం చేసుకున్నారు. ఫిబ్రవరి 13న వెళ్లి, సింగపూర్‌లో ఉన్నానంటున్న హరికృష్ణ ఫోన్ నుంచి ఆ సాయంత్రం భార్యకు మెసేజ్ వచ్చింది. ‘కేసు పెట్టినారు. కొన్నాళ్లు కనపడను.’

కస్టమ్స్ ఫైలులో ఆయన పేరు పక్కన పరారీ అని రాశారు. ధర్మవరం పోలీసులు తప్పిపోయాడన్న ఫిర్యాదు తీసుకోలేదు. పరారీలో ఉన్నవాణ్ని తప్పిపోయినవాడని ఎట్లా రాస్తామన్నారు. రేపు బుధవారం పదకొండు గంటలకు విచారణ. బిల్లు మీద సంతకం చేసిన మనిషి వచ్చి జవాబు చెప్పకపోతే 342 చీరలూ జప్తు అవుతాయి.

“ఫిబ్రవరి పదమూడు, శుక్రవారం,” అంది వసుంధర. “హరికృష్ణ ఇక్కడికి ఎన్నింటికి వచ్చాడు?”

“ఎనిమిదికి. పెట్టెల కొలతలు ఇచ్చినాడు. కాఫీ తాగినాడు. ఎనిమిదిన్నరకు పోయినాడు.”

“ఎక్కడికి?”

“బెంగళూరు బస్సుకు. ఆడనుంచి చెన్నై, చెన్నైనుంచి సింగపూరు అన్నాడు.”

“బండి?”

“బస్టాండు కాడ పెట్టుకోనుంటాడు.”

వసుంధర తన ఫోన్‌లో ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. “బండి రైల్వే స్టేషన్ స్టాండులో దొరికింది. టోకెన్ మీద టైము పన్నెండూ యాభై. ఇక్కడినుంచి స్టేషనుకు పది నిమిషాలు.”

నల్లప్ప ఫొటో వంక చూడలేదు. “నాలుగు గంటలు యాడ తిరిగినాడో నన్నడిగితే ఎట్లమ్మా? నేనేమన్నా ఆయప్ప పెండ్లామా?”

“పెండ్లాన్ని నేను,” అంది చౌడేశ్వరి. “నేనూ అదే అడగతాండా.”

అతను టేపు చుట్ట అందుకుని దాని కొస వెతకసాగాడు.

“సరుకు మీ దగ్గరికి ఎవరు తెచ్చారు?” అంది వసుంధర.

“కుమారస్వామి. హరికృష్ణ సిన్నాయన కొడుకు. చీరలు సరిచూసేది, పెట్టెల్లో పెట్టేది ఆయప్పే కదా. మార్చి రెండున తెచ్చినాడు. నాలుగో తేదీ డిపోకు పంపినా.”

“మూడో తేదీ బిల్లు హరికృష్ణ డిజిటల్ సంతకంతో పోయింది. ఆ కీ ఎవరు తెచ్చారు?”

“అదీ కుమారస్వామే. అన్న ఇచ్చిపోయినాడన్నాడు.” నల్లప్పకు టేపు కొస దొరికింది. “సౌడేశ్వరమ్మా, మీ ఇంటాయన ఆడ దుడ్లు సర్దుకోని నిమ్మళంగా వస్తాడు. ఈమెను ఎంటేసుకోని ఊర్లు తిరిగితే ఏమొస్తాది? ఈడనుంచి యాడికి పోతాండారు?”

“పెనుకొండ డిపోకు,” అంది వసుంధర.

కారులో చౌడేశ్వరి ఫోన్ తెరిచి మెసేజ్‌లు చూపించింది. ఫిబ్రవరి 13 మధ్యాహ్నం నుంచి ముప్పై ఒకటి. బాగున్నా. మీటింగ్‌లో ఉండా. బిడ్డను చదువుకోమను.

“ఫోన్ చేస్తే?”

“మోగుతాది. ఎత్తడు. తర్వాత మెసేజ్ పెడతాడు, మాట్లాడేకి కుదరదు అని.”

“ముప్పై తొమ్మిది రోజులు.”

“లెక్క నాకూ తెలుసక్కా.”

ఆమె నుదుట కుంకుమ పెట్టుకుంది. మెడలో పసుపుతాడు కొత్తది. ఉగాదికి మార్చుకున్నానని చెప్పింది.

డిపో గేటు దగ్గర ఫోన్లు తీసుకుని టోకెన్లు ఇచ్చారు. 11.10కి సూపరింటెండెంట్ శ్రీకాంత్ వాళ్లను షెడ్డులోకి తీసుకెళ్లాడు. ఆయనకు నలభై రెండేళ్లు. పదేళ్ల క్రితం చెన్నైలో వసుంధర కింద ఇన్‌స్పెక్టరుగా చేరాడు.

“సరుకు చూడటానికి ముప్పై నిమిషాలు,” అన్నాడు. “సంఘం తరఫున ఈమె, ఈమె తరఫున మీరు. ఏదీ బయటికి పోకూడదు. ఈ రూలు నాకు నేర్పింది మీరే, మేడమ్.”

“గుర్తుంది. పంచనామా ఇవ్వు.”

ఆయన ఇచ్చాడు. రెండు పేజీలు. వసుంధర నిలబడే చదివింది. “పంతొమ్మిది పెట్టెలు. మీరు తెరిచింది మూడు. 10.20కి నాలుగో పెట్టె, 10.29కి పదకొండు, 10.37కి పదిహేడు. మూడింట్లోనూ అడుగున ఉన్న చీర తీశారు.”

“నమూనా ఎక్కడినుంచైనా తీయొచ్చు.”

“పద్దెనిమిది చీరల పెట్టెలో పైది వదిలేసి అడుగుది తీస్తే నమూనా కాదు, శ్రీకాంత్. ఎక్కడుందో ఎవరో చెప్పారు.”

“ఇన్ఫార్మర్ పేరు నేను చెప్పను.”

“పేరు అడగలేదు. ఫోన్ ఎన్నింటికి వచ్చింది?”

శ్రీకాంత్ తన డైరీ తిప్పాడు. “నాలుగో తేదీ సాయంత్రం 4.10.”

“సరుకు గేటు దాటింది?”

“3.55.”

“పదిహేను నిమిషాలు. లారీ లోపలికి పోవడం చూసి చేశాడు.”

“అయితే ఏంటి? ఇన్ఫార్మర్లు దేవతలని నేను అనుకోవట్లేదు. వాడు చెప్పిన చోట వెండి జరీ ఉందా లేదా? ఉంది. బిల్లులో రాగి అని ఉంది. విలువ పొంతన కుదరలేదు. స్వాధీనం చేసుకోవడానికి నాకు రుజువు అక్కర్లేదు. నమ్మడానికి కారణం ఉంటే చాలు.”

“మిగతా 339 చీరలు?”

“లాబ్‌కి పంపితే నెల పడుతుంది. వద్దు, తొందరగా విచారణ పెట్టమని అడిగింది ఈమె సంఘమే. రాతపూర్వక నోటీసు కూడా అక్కర్లేదన్నారు.”

“పట్టు కొనేకి దుడ్లు లేక అడిగినాం సార్,” అంది చౌడేశ్వరి. “ఐదో తేదీనుంచి ఒక్క మగ్గమూ ఆడలేదు.”

శ్రీకాంత్ ఆమె వైపు తిరిగాడు. “నేను మీ సంఘం మీద కక్ష కట్టలేదమ్మా. సంతకం చేసినాయన వచ్చి నిలబడమనండి. ఈ మూడు చీరలు ఎలా వచ్చాయో చెప్పమనండి. మిగతా సరుకు బాండు మీద వదలమని నేనే రాస్తాను. రాకపోతే రేపు పదకొండు తర్వాత నా చేతిలో ఏమీ లేదు.”

వసుంధర రెండో పెట్టె మూత తీయించి ఒక చీర తీసింది. కుచ్చు దగ్గర వేలాడుతున్న జరీ పోగును గోటితో గీరింది. పైపూత ఊడింది. లోపల నూలు దారం కనిపించింది. ఆరో పెట్టెలోనూ, పదమూడో పెట్టెలోనూ అదే చేసింది. అన్నింట్లోనూ నూలే, అంటే రాగి జరీ. తర్వాత సీలు సంచిలోని మూడు చీరల్లో ఒకదాని పోగు గీరింది. లోపల ఎర్ర పట్టు దారం. వెండి జరీని ఎర్ర పట్టు మీదే చుడతారు.

“చూశావా?”

“చూశాను. మీ గోరు లాబ్ రిపోర్టు కాదు.” ఆయన గొంతు తగ్గించాడు. “మేడమ్, చెన్నైలో ఆ బనియన్ల ఎగుమతిదారు సరుకు పట్టుకున్నప్పుడు మీరు ఎంతసేపు ఆలోచించారు?”

“పది నిమిషాలు.”

“నేను పక్కనే ఉన్నాను. ఆరోజు మీరు చేసింది చట్టప్రకారం కరెక్టే.”

“ఆయన పదకొండో రోజు ఉరేసుకున్నాడు. బిల్లులో తప్పు లేదని నాలుగు నెలలకు తేలింది.” వసుంధర సంచిలోని చీరలు బల్ల మీద పరిచింది. “ఆ పది నిమిషాలు నీకు నేర్పినందుకే ఉద్యోగం మానేశాను. చౌడేశ్వరీ, ఇటు రా.”

మూడు చీరలూ నెమలికంఠం రంగు. చౌడేశ్వరి వాటిని ముట్టుకోక ముందు చేతులు పైటకు తుడుచుకుంది. మొదటి చీరను వెలుతురుకు పట్టి, ఎడమ అంచునుంచి జాన కొలిచి, వేలు ఆపింది. రెండో చీరకూ మూడో చీరకూ అట్లే చేసింది.

“అక్కా, ఈడ సూడు. జానెడు లోపల రెండు పోగులు ఒకటిగా పోయినాయి. జంట పోగు. మూడు చీరల్లోనూ అదే చోట.”

“అంటే?”

“మగ్గానికి ఒకసారి నిలువు పోగులు ఎక్కిస్తే దాన్ని వార్పంటాం. ఒక వార్పుకు మూడు చీరలొస్తాయి. ఎక్కించేటప్పుడు తప్పు జరిగితే అది మూడు చీరల పొడుగునా పోతాది. ఇవి మూడూ ఒకే వార్పు. ఒకే మగ్గం.”

వసుంధర శ్రీకాంత్ వైపు చూసింది. “342 చీరలంటే 114 వార్పులు. మూడు వేరే వేరే పెట్టెల్లోంచి నువ్వు తీసిన మూడు చీరలూ ఒకే వార్పువి.”

శ్రీకాంత్ వంగి జంట పోగును చూశాడు. పంచనామా వెనక ఏదో రాసుకున్నాడు. “ఎవరో పెట్టారంటారు.”

“మూడు తీసేసి మూడు పెట్టారు. లెక్క సరిపోయింది.”

“ఎవరు పెట్టారో చెప్పండి.”

చౌడేశ్వరి ఇంకా చీరల మీదే వంగి ఉంది. ఒకదాని మొదలు విప్పి, కత్తిరించిన చోటుకు అరంగుళం లోపల వేలు పెట్టింది. “సార్, ఇది మా చీర కాదు.” ఆమె గొంతులో మొదటిసారి బలం వచ్చింది. “కొత్త వార్పు ఎక్కించినాక మా వీధిలో మొదటి చీరకు మొదలు మూడు పసుపు పోగులు నేస్తాం. మా కులదేవత చౌడమ్మ పేరున, చౌడమ్మ పోగులంటాం. ఏ పెట్టె అన్నా తీయండి. మూడు చీరలకు ఒకదానికి ఉంటాయి. దీనికి పసుపు లేదు. తెల్ల పోగులు ఉండాయి.”

“తెల్లవి ఎప్పుడు వేస్తారు?” అంది వసుంధర.

“మైల ఇంట్లో. ఆ ఇంట్లో మనిషి పోతే ఏడాదిదాకా పసుపు వాడకూడదు. తెల్లవి వేస్తారు. మా సంఘంలో పోయినేడు ఉగాదినుంచి ఎవరూ పోలేదు సార్. ముప్పై ఎనిమిది ఇండ్లూ నాకు తెలుసు. కాబట్టి ఇది మాది కాదు. రాసుకోండి.”

శ్రీకాంత్ రాసుకున్నాడు. “మీ ఆచారాన్ని కమిషనర్ ఎంతవరకు నమ్ముతారో తెలీదు. రాస్తాను.” వసుంధర వైపు చూశాడు. “ఇది మీకు లాభమే కదా. ముఖం అలా పెట్టారేంటి?”

వసుంధర ఆ తెల్ల పోగులను మళ్లీ చూసింది. ఇంకో రెండు పెట్టెలు తెరిపించింది. పసుపు పోగులున్న చీరలు పదమూడు లెక్కపెట్టింది. తెల్లవి ఇంకెక్కడా లేవు.

గేటు దగ్గర ఫోన్లు తిరిగి తీసుకున్నాక చౌడేశ్వరి స్క్రీన్ చూసి నవ్వింది. 11.52కి హరికృష్ణ ఫోన్ నుంచి మెసేజ్ వచ్చి ఉంది. ‘పెనుకొండలో నీకేం పని. ఇంటికి పో.’

“సూడక్కా. యాడున్నా నన్ను కనిపెట్టుకోనే ఉండాడు.”

“మనం పెనుకొండకు వస్తున్నట్టు ఎవరికి చెప్పావు?”

“ఎవరికీ చెప్పలేదు. నువ్వే నల్లప్పకు...” ఆమె ఆగింది. “నల్లప్ప ఆయనకు చెప్పినాడంటావా? వాళ్లిద్దరూ మాట్లాడుకుంటాండారా?”

“కావచ్చు.”

రోడ్డుకు అవతల టీకొట్టు ముందు నీలం టార్పాలిన్ కప్పిన ట్రాలీ ఆటో ఆగి ఉంది. డ్రైవరు సీటులో ఎవరూ లేరు. వసుంధర నంబరు రాసుకుంది. ఉదయం గోడౌన్ ముందు చూసిన ఆటో నంబరు రాసుకోలేదు. అది తన తప్పు.

కారు ధర్మవరం దారి పట్టింది. వసుంధర ఒకే విషయాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. బయటివాడు నేసి ఉంటే పసుపు పోగూ ఉండదు, తెల్ల పోగూ ఉండదు. ఆ ఆచారమే వాడికి తెలియదు. తెల్ల పోగు ఉందంటే నేసినవాడు ఆ వీధివాడు. ఆ వీధిలో ఎవరూ పోలేదు. కనీసం ఎవరూ పోయినట్టు ఎవరికీ తెలియదు.

“చౌడేశ్వరీ, మైల ఎంతమందికి పడుతుంది?”

“ఇంటివాళ్లకు. దాయాదులకు. అన్నదమ్ముల బిడ్డల దాకా.”

“మూడు చీరలు నేయడానికి ఎన్ని రోజులు?”

“మొగుడూ పెండ్లాం ఇద్దరూ కూర్చుంటే ఐదు రోజులకొకటి. వార్పు ఎక్కించేది కలుపుకుంటే పదహారు, పదిహేడు దినాలు.”

సరుకు ధర్మవరం దాటింది మార్చి 2. పదహారు రోజులు వెనక్కి పోతే ఫిబ్రవరి 14, శనివారం.

“వార్పు అయిపోయాక మగ్గం మీద ఏమైనా మిగులుతుందా?”

“మూరెడు పోగులు అచ్చులోనే వదిలేస్తాం. అచ్చంటే దువ్వెన లాంటిది, పోగులన్నీ దాని పండ్లలోంచి పోతాయి. కొత్త వార్పు పోగులను ఆ పాత కొసలకు ఒక్కొక్కటే అతకాల. నాలుగు వేల పైన ఉంటాయి. ఆ కొసలు కోసేస్తే అచ్చు మొదటినుంచి ఎక్కించాల. ఎవరూ కోయరు.”

“ఐదో తేదీనుంచి మగ్గాలు ఆగిపోయాయన్నావు. అయితే ఇప్పుడు ప్రతి మగ్గం మీద చివరి వార్పు కొసలు ఉంటాయి.”

“ఉంటాయి.” చౌడేశ్వరికి అర్థమైంది. ఆమె లేచి కూర్చుంది. “అయితే దొరకతాడు. ఇంటింటికీ పోయి చూస్తాం. ఎవురింటినుంచి మొదలుపెడదాం?”

“హరికృష్ణకు దాయాదులు ఎవరున్నారు?” అంది వసుంధర.

“కుమారస్వామి ఒక్కడే. ఎందుకక్కా?”

వసుంధర కిటికీలోంచి బయటికి చూసింది. “అతనింటినుంచి.”

2.15కి చేరారు. వీధిలో మగ్గం చప్పుడు లేదు. కుమారస్వామి ఇల్లు చౌడేశ్వరి ఇంటికి రెండిళ్ల అవతల. వీధి తలుపు తెరిచే ఉంది. ముందు గది దాటితే మగ్గం గది. అతను మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంత అంచున కూర్చుని సద్ది తింటున్నాడు. వదినను చూసి గిన్నె పక్కన పెట్టాడు.

“రా వదినా. అన్న సంగతి ఏమన్నా తెలిసిందా?”

“తెలస్తాది,” అంది చౌడేశ్వరి. “మనల్ని ఇరికించినోడు మన వీధిలోనే ఉండాడు. మగ్గాలు చూస్తాండాం.”

“మగ్గాలా? ఇప్పుడేముంది మగ్గాల మీద?”

“చివర ఏం నేశారు మీరు?” అంది వసుంధర.

“అరిటాకు పచ్చ. సంఘం చీరలే.”

మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉంది. దుమ్ము పడకుండా అందరూ కప్పుతారు. వసుంధర దాని మీద చెయ్యి వెయ్యలేదు. చౌడేశ్వరి వేసింది. వరసకు మరిది, దుప్పటి లాగడానికి అడగాలనుకోలేదు.

అచ్చులో మూరెడు పోగులు. నెమలికంఠం.

చౌడేశ్వరి వంగింది. ఎడమ అంచున బొటనవేలు ఆనించి, జాన చాచింది. చిటికెనవేలు ఆగిన చోట రెండు పోగులు అచ్చు పంటి సందులోంచి ఒకటిగా వస్తున్నాయి.

“కుమారా,” అంది. “నువ్వా?”

అతను ఎంగిలి చెయ్యి గాలిలో పెట్టుకుని కూర్చున్నాడు.

“దుడ్లకా? ముప్పై ఎనిమిది ఇండ్లు రా. మీ అన్నను దొంగను చేసినారే. ఎట్ల చేతులాడినాయి నీకు?”

ఆమె చెయ్యి ఇంకా పోగుల మీదే ఉంది. వసుంధర ఆ చేతిని చూస్తూ నిలబడింది. తాను చెప్పాలా, ఆమెకే తట్టే దాకా ఆగాలా అని ఆలోచించేలోపు చౌడేశ్వరి వేళ్లు కదలడం ఆగిపోయింది.

“తెల్ల పోగులు,” అంది. చాలా నెమ్మదిగా అంది. “ఎందుకు తెల్లవి వేసినావు?”

“వదినా...”

“మీ నాయన పోయి పదేండ్లు. మీ అమ్మ పుట్టపర్తి ఆసుపత్రిలో ఉండాది, పొద్దున నేనే మాట్లాడినా. నీ పెండ్లాం ఆడనే ఉండాది. బిడ్డలు బడికి పోయినారు. నీ ఇంట్లో అందరూ బాగుండారు. ఇంగెవరున్నారప్పా నీకు? ఎవరికి పట్టినావు మైల?”

కుమారస్వామి ఆమె నుదుటి మీది కుంకుమ వైపు చూసి తల వంచాడు.

“మీకందరికీ అబద్ధం చెప్పినా వదినా. చౌడమ్మకు చెప్పలేకపోయినా.”

చౌడేశ్వరి గుంత అంచున కూలబడింది. ఏడవలేదు. వసుంధర ఆమెకూ అతనికీ మధ్యకు వచ్చి నిలబడింది.

“ఎప్పుడు?”

“ఆ శుక్రవారమే. పదకొండు దాటినాక. నల్లప్ప గోడౌన్‌లో.” అతను ఎవరి ముఖమూ చూడకుండా చెప్పాడు. “నల్లప్ప ముందునుంచి వెండి జరీ చీరలు మన సంఘం పేరు మీద, రాగి జరీ ధరకు పంపతాండాడు. పెట్టెలు సర్దేది నేనే కదా, నాకు తెలుసు. నాకూ ఇంత ఇచ్చేవాడు. అన్నకు తెలిసిపోయింది. ఆపొద్దు పోయి నిలదీసినాడు. కస్టమ్స్‌కు నేనే చెప్తా అన్నాడు. నల్లప్ప ఇనుపరాడ్డు తీసినాడు. నేను కొట్టలేదు వదినా. వీధి తలుపు మూసినా, అంతే. అన్న రెండు గంటలు బతికినాడు. ఆసుపత్రికి పోదామంటే నల్లప్ప వద్దన్నాడు.”

“పన్నెండూ యాభైకి బండి స్టేషన్లో పెట్టింది నువ్వు.”

అతను తలూపాడు.

“ఎనిమిదికొచ్చి రెండు గంటలు బతికితే పదకొండెట్లా?”

“మాటా మాటా పెరిగి తొమ్మిదికి దెబ్బ తగిలింది. పదకొండుకు... పోయినాడు.”

వసుంధరకు ఇప్పుడు మిగతాదంతా కుదిరింది. చనిపోయిన మనిషి ఇంటికి రాకపోవడానికి ఒక కారణం కావాలి. మొదట సింగపూర్ అన్నారు. అది నెలకు మించి సాగదు. పరారీ అయితే ఏళ్లు సాగుతుంది. దానికి ఒక కేసు కావాలి. కేసు పెట్టడానికి మూడు చీరలు చాలు, ఒక ఫోన్ కాల్ చాలు. నమ్మడానికి కారణం దొరికితే శ్రీకాంత్ ఆగడని నల్లప్పకు తెలుసు. మిగతా పని చట్టమే చేసింది. హరికృష్ణను పరారీ అని రాసింది, పోలీసులు వెతక్కుండా చేసింది.

“యాడ పెట్టినారు?” అంది చౌడేశ్వరి.

“రామగిరి. పాత బంగారు గని. లోపలికి...”

“ముప్పై రెండు మెసేజ్‌లు,” అంది ఆమె. “అన్నిటికీ జవాబు పెట్టినా. అన్నం తిన్నావా అని అడిగినా. నువ్వా రాసింది?”

“నేను కాదు. ఫోను నా దగ్గర లేదొదినా.”

ఆమె ఒళ్లో ఫోన్ మోగింది. చౌడేశ్వరి దాన్ని ముట్టుకోలేదు. వసుంధర వంగి తీసుకుంది. పైన హరికృష్ణ పేరు. టైము 2.31.

‘కుమార ఏం చెప్పినాడు?’

వసుంధర తల ఎత్తింది. ముందు గదిలో వచ్చేటప్పుడు ఎండ పడుతూ ఉండింది. ఇప్పుడు లేదు. తెరిచి ఉన్న వీధి తలుపు మూసి ఉంది. అవతల గొళ్లెం పడిన చప్పుడు ముగ్గురికీ వినిపించింది.